అరవై మూడు రోజుల పార్వతమ్మ

మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఆ పొద్దు బోర్డు వెలగలేదు. బోర్డు మీద లాటు నంబరు పడనిదే వేలంపాట మొదలుకాదు. ఎండ చూస్తే ఎక్కిపోతోంది. రెండు వందల బాక్సులు దించుకుని కూర్చున్న రామకుప్పం ఈశ్వరప్ప ఆఫీసు కిటికీలో తల పెట్టాడు.

"ఏమ్మా, ఇంకెంతసేపు? నా కాయ మెత్తబడతా ఉండాది."

"ఇంజనీరు వస్తాండారప్పా," అంది ఆపరేటర్ ప్రసన్నలక్ష్మి. ఆ మాట చెప్పడం ఆరోసారి. బోర్డు ప్రోగ్రాం రాసిన శ్రీరాములు సారేమో పొద్దున్నే కుప్పం వెళ్లారు. ఫోన్ మోగుతుంది గానీ ఎత్తరు.

అంతలో ఒక పెద్దావిడ హ్యాండ్‌బ్యాగుతో లోపలికొచ్చింది. "శ్రీరాములు సారు..." అనబోయింది.

"సారు లేరు మేడమ్. మీరు ముందు సర్వర్ సూడండి," అని ప్రసన్నలక్ష్మి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టేసింది.

ఆమె ఏదో చెప్పబోయి, కిటికీలో ఈశ్వరప్ప మొహం చూసి ఊరుకుంది. కీబోర్డు దగ్గరికి లాక్కుని పీఎస్ కమాండ్ కొట్టింది. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఎన్నాళ్లుగా నడుస్తున్నాయో వరుసగా వచ్చాయి. అన్నిటికంటే పైనున్నది అరవై మూడు రోజులుగా ఆగలేదు. మెమరీ అంతా మింగి కూర్చుంది. అది బోర్డు ప్రోగ్రామే, దాని పేరు పార్వతమ్మ.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివింది. "ఈ పేరు ఎవరు పెట్టినారమ్మా?"

"సారే. వాళ్లావిడ పేరంట. ఇంట్లో ఆమె, ఈడ ఇది, ఇద్దరూ ఒక్క నిమిషం కూర్చోరంట."

"అట్లనా. అయితే దీన్ని చంపాల."

ప్రసన్నలక్ష్మి కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మేడమ్. పొద్దున్నే ముత్తయిదువ పేరు మీద కిల్ కొడతారా? సారుకు తెలిస్తే నా ఉద్యోగం ఉండదు."

"పేరు కొట్టే పన్లేదు, దాని పక్కనుండే నంబరు కొడితే చాలు. ఇరవై ఏండ్లుగా కాలేజీలో పిల్లోళ్లకు ఇదే నేర్పిస్తాండా."

ముందు మామూలు కిల్ కొట్టింది. కాసేపు చూశారు. పార్వతమ్మ కదల్లేదు.

"మర్యాదగా చెప్తే వినే రకం కాదు," అని ఆమె నవ్వి, ఈసారి బలవంతంగా ఆపేసే కిల్ మైనస్ నైన్ కొట్టింది. ప్రసన్నలక్ష్మి కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి వరుసలో ఆ పేరు లేదు. ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టగానే బోర్డు వెలిగింది. బయట ఈశ్వరప్ప ఈల వేశాడు. వేలంపాట అందుకుంది.

ప్రసన్నలక్ష్మికి మాత్రం భయం వదల్లేదు. ఇంకెవరో సారుకు చెప్పేలోపు తనే చెప్పేసుకోవడం మేలనుకుని మళ్లీ ఫోన్ చేసింది.

పక్కనున్న హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగింది.

"ఇంట్లోనే మర్చిపోయి వచ్చినారు, ఇచ్చి పోదామనే పుంగనూరులో బస్సెక్కినా," అంటూ పార్వతమ్మ ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.