మాట్లాడే హక్కు కేసు

విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ మానవహక్కుల మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కోర్టు వాదనల పోటీ, ఫైనల్స్ గుంటూరులో, వనజ గారింటి హాల్లోనే నడుస్తున్నాయి. కంప్యూటర్ తెరకు అవతల నైరోబీ జట్టు, ఇవతల ఆవిడ కూతురు మేదిని. మనిషికి తన మాట తాను మాట్లాడుకునే హక్కు ఉందా, లేదా అన్నది కేసు. ఉందని మేదిని వైపు వాదన. వాదించేవి మాత్రం రెండు వైపులవాళ్ళ చెవుల్లోని ఏఐ యంత్రాలే. వాటికి తగ్గట్టు పెదవులు కదపడానికి మేదిని ఆర్నెల్లు శిక్షణ తీసుకుంది.

వనజ గారు ఉతికిన బట్టలు మడతపెడుతూ చూస్తున్నారు. కాసేపటికే రెండు యంత్రాలూ ఒకదాన్నొకటి మెచ్చుకుని, ఆ హక్కు అంత అవసరమేమీ కాదని రాజీకి వచ్చేశాయి. జడ్జి యంత్రం కూడా ముచ్చటపడి, కప్పు చెరిసగం పంచుతానంది.

"ఇదేంటే, మీ మిషను అవతలివాళ్ళతో వియ్యమందేట్టుంది?" అన్నారు వనజ గారు.

మేదినికి ఒళ్ళు మండింది. చెవిలోది పీకి పారేసి, "నేనొప్పుకోను!" అని లేచింది. తడబడుతూ, చెప్పిందే మళ్ళీ చెబుతూ, గొంతు బొంగురుపోయేదాకా తనే వాదించింది.

జడ్జి మర్యాదగా అంతా విని తీర్పు చెప్పింది. అనుమతి లేకుండా మనిషిని వాడినందుకు జట్టు అనర్హం.

"కప్పు పోయిందమ్మా!" అంది మేదిని, ఏడుపుమొహంతో.

"పోతే పోయిందిలే. ఇన్నాళ్ళూ నాతో పోట్లాటలు కూడా ఆ మిషనుకే అప్పజెప్పావు. ఇంత చక్కగా అరుస్తావని నాకేం తెలుసే!"