నలభై ఒకటో ఫైలు

"దీన్ని చెరపను" అన్నాడు గోడౌన్ బాబాయి.

ఆస్పత్రి కంప్యూటర్ గదిలో ఏసీ మోగుతోంది. వైర్ల మేడమ్ చేతిలో చెరపాల్సిన ఫైళ్ల కాగితం అలాగే ఉండిపోయింది. ఆమెది నెట్‌వర్క్ పని, బాబాయిది స్టోరేజి. ఆస్పత్రి డేటా అంతా ఇరవై రెండేళ్లుగా ఆయన కాపలాలో ఉంది. ఆ పేరు అందుకే.

"నలభై ఫైళ్లు కన్ను మూసి తెరిచేలోగా ఊడ్చేశావు. ఈ ఒక్కదానికి ఏమొచ్చింది బాబాయ్?"

"ఇది ఎవరిదో తేలాలి."

స్టోరేజి నూటికి తొంభై ఏడు నిండిపోయింది. రేపు కొత్త స్కానింగ్ మిషను మొదలైతే దాని బొమ్మలు దాచడానికి చోటు లేదు. నాలుగింటికల్లా అనాథ ఫైళ్లన్నీ చెరపకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోమని డైరెక్టరు కబురు పెట్టాడు. నెల రోజులుగా మేడమ్ పోరుతున్నా వినకుండా ఈ పనిని తనిఖీ ఉన్న ఇవాళ్టిదాకా తోసుకొచ్చింది బాబాయే.

ఆస్పత్రిలో కంటికి కనిపించని కంప్యూటర్లు నూట ఎనభై ఉన్నాయి. వాటికి పెట్టె ఉండదు, తెర ఉండదు. ఒక్కొక్కటీ స్టోరేజిలో పడి ఉన్న ఒక పెద్ద ఫైలు, అంతే. లిస్టులో పేరుంటే అది మిషనుగా నడుస్తుంది. పేరు పోయి ఫైలు మిగిలితే అనాథ.

మేడమ్ వెతికితే అలాంటివి నలభై ఒకటి దొరికాయి. చివరిదాని పేరు టెస్ట్-6. మూడేళ్లుగా దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు.

"ల్యాబువాళ్లు మాది కాదన్నారు. ఫార్మసీవాళ్లు మాది కాదన్నారు. వార్డులవాళ్లు ఫోనే ఎత్తలేదు. ఇంకెవర్ని అడగను? టెస్టని పేరే చెబుతోందిగా, ఎవడో ఆడుకుని వదిలేశాడు. అయినా లిస్టులో లేనిది ఉన్నట్టా?"

"ఓటర్ల లిస్టులో నీ పేరు కొట్టేస్తే నువ్వు చచ్చినట్టా అమ్మాయ్?"

"అబ్బ! ఆ నోట్లోంచి ఒక్క మంచి మాట వస్తే ఒట్టు."

ఆయన నవ్వలేదు. నవ్వు మానేసి మూడేళ్లయింది. భార్య ఈ ఆస్పత్రిలోనే పోయింది, మేడ మీది వార్డులో, ఆరో నంబరు మంచం మీద, పట్టపగలు. చేయగలిగిందంతా చేశామన్నారు. తలూపి ఇంటికి వెళ్లాడు. నాలుగో రోజు డ్యూటీలో చేరాడు. అప్పటినుంచి పలకరిస్తే పలికేవాడు, అంతే. తనంతట తాను ఎవర్నీ పలకరించలేదు.

నాలుగు కాకముందే డైరెక్టరు మెట్లు దిగి వచ్చాడు. వెనకాలే బయటినుంచి తనిఖీకి వచ్చిన పెద్దావిడ. పొద్దుటి నుంచి గది గదీ చూసి పుస్తకంలో రాసుకుంటోంది.

"ఏమయ్యా, మొండికేశావట?"

"ఎవరిదో తేలకుండా చెరపను సార్."

"చెప్పేది నేను."

"మంచం ఖాళీ చేయించేముందు దాని మీద ఎవరున్నారో చూస్తారు కదా సార్. ఇదీ అంతే."

"చెత్త ఫైలుకీ మనిషి ప్రాణానికీ పోలికా? నీకేమైనా మతి పోయిందా?"

బాబాయి జేబులోంచి గది తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నన్ను తీసెయ్యండి. దీన్ని మాత్రం తియ్యను."

పెద్దావిడ పుస్తకంలోంచి తలెత్తింది. "అందులో ఏముందో చూస్తే తేలిపోతుందిగా?"

బయటి మనిషి ముందు డైరెక్టరుకి తల తీసేసినట్టయింది. "చూడ్డానికి ఏముంది మేడమ్, ఉత్త చెత్త. సరే, ఆన్ చెయ్యవయ్యా! అందరి ముందే ఆన్ చెయ్. తర్వాత నీ సంగతి చూస్తా."

"రాసివ్వండి" అన్నాడు బాబాయి.

"ఏంటీ?"

"ఆన్ చెయ్యమని. సంతకం పెట్టి."

డైరెక్టరు వైర్ల మేడమ్ చేతిలో కాగితం లాక్కున్నాడు. పెన్ను కాగితాన్ని చింపేటంత కోపంగా రాసి సంతకం గీకాడు. బాబాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. అప్పుడు టెస్ట్-6ని లిస్టులో చేర్చి ఆన్ చేశాడు.

పాస్‌వర్డ్ అడిగింది. బాబాయి వేళ్లు తడుముకోలేదు. వైర్ల మేడమ్ చప్పున ఆయన ముఖంలోకి చూసింది.

తెర నిండా వరసలు. వార్డుల్లో ఏ మంచం దగ్గర ఎప్పుడు అలారం మోగిందో రాసుకునే పాత మిషను అది. బాబాయి వరసలు కిందికి జరిపి ఒకచోట ఆపాడు. లేచి కుర్చీ పెద్దావిడకి ఇచ్చాడు.

ఆమె కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది.

"మూడేళ్ల కిందటిది. మేడ మీది వార్డు, ఆరో నంబరు మంచం. అలారం మోగింది మధ్యాహ్నం రెండూ పదికి. ఆపేసింది రెండూ పదకొండుకి, వార్డు ఇన్‌చార్జి గదిలోంచి. మంచం దగ్గరికి మనిషి వచ్చింది రెండూ యాభై అయిదుకి." ఆగింది. "ఇన్‌చార్జి ఎవరప్పుడు?"

అంత చల్లటి గదిలో డైరెక్టరు నుదురు తుడుచుకున్నాడు.

"ఈయనే, డైరెక్టరు కాకముందు" అంది వైర్ల మేడమ్, మెల్లగా.

"మరి ఇలాంటి మిషను లిస్టులోంచి ఎలా పోయింది?" అడిగింది పెద్దావిడ.

బాబాయి డైరెక్టరు వైపు మొదటిసారి సూటిగా చూశాడు.

భార్య పోయిన నాలుగో రోజు డ్యూటీలో చేరిన బాబాయి భుజమ్మీద చెయ్యేసి, ఓదార్చి, "వార్డులో పాత మిషనొకటి పాడైంది, చెరిపెయ్" అని చెప్పింది అప్పటికి ఇన్‌చార్జిగా ఉన్న ఈ డైరెక్టరే. ఆయన కళ్లెదుటే బాబాయి చెరిపింది లిస్టులో పేరొక్కటే.