ఒడ్డు మీద మరక

“ఎంతొస్తే అంతకే పట్టుకుపో నాయనా,” అంది కాలం చేసిన చిత్రకారుడి భార్య. “ఊళ్లో కుక్కకీ పిల్లికీ కూడా బొమ్మ గీశాడు మా ఆయన. నా మొహమే ఆయన కంటికి ఆనలేదు.”

వెల కట్టడానికి వచ్చినాయన, పట్నం నడుమ పారే నదిని నూనెరంగుల్లో వేసిన ఆ పాత పటాన్ని కిటికీ దగ్గర పెట్టి, భూతద్దంతో చూశాడు.

“ఈ ఒడ్డు మీద ఎవరో గట్టిగా రుద్దారమ్మా.”

“నేనే. ఆ నల్లమరక సబ్బు పెట్టి తోమినా పోతేగా!”

“మరక కాదమ్మా, ఆడమనిషి. నడుం మీద చెయ్యేసుకుని, పడవలో ఉన్నాయన మీద అరుస్తోంది.”

పక్కనున్న కోడలు కిసుక్కున నవ్వింది. ముసలావిడ తన నడుం మీది చెయ్యి మెల్లగా తీసేసింది.

“ఆ ముక్క బతికుండగా చెప్పి చావొచ్చుగా!” అంటూ పటాన్ని లాక్కుని లోపలికి పోయింది.