శుక్రవారం వంతు

“నలుగురుంటేనే జట్టు. ముగ్గురితో దిగితే ఓడిపోయినట్టే లెక్క. ఇంటికెళ్ళి వేడిగా కాఫీ తాగు రైలీ,” అన్నాడు ఎ బ్లాకు ఎన్సియో.

రైలీకి ఒళ్ళు మండింది. మైనస్ పది చలిలో ఆ మంట కాస్త హాయిగానే ఉంది. గడ్డకట్టిన సరస్సు మీద ఆమె వెనక నిలబడింది ఇద్దరే. ఒకడు మొగుడు తావునో, రెండోది కింది అంతస్తు నర్సు పిన్యా. బి బ్లాకు జట్టులో నాలుగో మనిషి మూడో అంతస్తులో కొత్తగా దిగినాయన. దిగి నెలలు గడిచినా ఆయన మొహం చూసినవాళ్ళు లేరు. అందులో వింతేమీ లేదు. ఆ భవనంలో ఎవరైనా సరే తలుపుకి చెవి ఆనించి, మెట్ల మీద అడుగుల చప్పుడు లేదని తేల్చుకున్నాకే బయటికొస్తారు. పోటీకి రమ్మని రైలీ ఆయన తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి అడిగితే, లోపల్నుంచి “సరే” అని మాత్రం వినబడింది.

పందెం చిన్నదేమీ కాదు. భవనం మొత్తానికి ఆవిరిస్నానాల గది ఒక్కటే. శుక్రవారం సాయంత్రం వంతు ఏళ్ళ తరబడి ఎ బ్లాకుదే. బి బ్లాకుకి మంగళవారం. వారమంతా చాకిరీ చేసే మనిషికి మంగళవారం ఆవిరిస్నానం ఏం సుఖం? ఫిన్లాండ్‌లో మనిషి ఆస్తయినా వదులుకుంటాడు గానీ శుక్రవారాన్ని వదులుకోడు. చివరికి తగవు తెగక, అడ్డంకులు దాటుకుంటూ సాగే ఈ మంచుపరుగులో గెలిచినవాళ్ళదే శుక్రవారం అని భవన సంఘం తేల్చేసింది.

“తీర్పు చెప్పేదెవరు? ఎన్సియో బావమరిదా?” అడిగింది పిన్యా.

“అవతలి వీధి నుంచి ఒకాయన్ని పిలిపించాం. మీకూ వాళ్ళకీ ఏమీ కాడు. గమ్యం దగ్గర ఉంటాడు,” అన్నాడు కేర్‌టేకర్ విజిల్ తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే రైలీకి కనిపించాడు. అందరికీ దూరంగా, మఫ్లరు కళ్ళదాకా చుట్టుకుని, ఎవరితోనూ మాట కలపకుండా ఒంటరిగా నిలబడి ఉన్నాడొకాయన.

“అదిగో మన నాలుగోవాడు!” రైలీ పరుగున వెళ్ళి చెయ్యి పట్టేసుకుంది. “వచ్చారా మహానుభావా! పదండి, పదండి!”

ఆయన ఆమె చేతిని చూశాడు. ఆమెను చూశాడు. ఏదో అనబోయేంతలో విజిల్ మోగింది.

“పేరైనా అడక్కపోయావా?” పరుగెడుతూ రొప్పాడు తావునో.

“కలిసీ కలవగానే పేరడుగుతారా ఎవరైనా? ఏమనుకుంటాడు?”

మంచుగోడ ఎక్కుతూ తావునో సగంలోనే బస్తాలా కిందపడ్డాడు. కొత్తాయన భుజం ఇచ్చి ఎక్కించాడు. వల కింద పాకుతుంటే పిన్యా జడ చిక్కుకుంది. ఓపిగ్గా విడదీశాడు. ఒకరిని చెక్కబండి మీద కూర్చోబెట్టి మంచు మీద లాగాల్సిన చోట రైలీ దర్జాగా ఎక్కి కూర్చుంది. దాదాపు ఆయనొక్కడే లాగాడు. నోట్లోంచి ఆవిరి తప్ప మాట రాలేదు.

“పెళ్ళాడితే ఇలాంటివాణ్ణి పెళ్ళాడాలి,” అంది రైలీ.

“నేనూ ఎక్కువ మాట్లాడను కదే,” అన్నాడు తావునో.

“నువ్వు లాగవు కూడా!”

చివరిది మంచు కోసి తవ్విన నీళ్ళ కాలువ. ఎ బ్లాకువాళ్ళు అప్పటికే అక్కడికి చేరి, “ముందు మీరు దిగండి”, “అయ్యో, మీరే కానివ్వండి” అని మర్యాదలు చేసుకుంటున్నారు. పిన్యా రెండడుగులు వెనక్కి వేసింది. రైలీ బూటు తాడు బిగించుకుంటున్నట్టు వంగింది. కొత్తాయన బూట్లతో సహా నడుంలోతు నీళ్ళలోకి దిగిపోయి, వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. ఒక్కొక్కరినీ అవతలికి దాటించాడు. అది చూసి పౌరుషం వచ్చి ఎన్సియో కూడా దూకాడు. రెండు జట్లూ భుజాలు రాసుకుంటూ గమ్యం దాటాయి.

“మేమే ముందు!” అరిచాడు ఎన్సియో.

“కళ్ళు పోయాయా? మేం!” అని అరిచి, రైలీ సంతోషం పట్టలేక కొత్తాయన్ని గట్టిగా వాటేసుకుంది. పెళ్ళయ్యాక నలుగురిలో మొగుణ్ణి కూడా అలా వాటేసుకోలేదు. తావునో మర్యాదగా అటు తిరిగి చెట్లను చూశాడు.

“అరుచుకోకండి. తీర్పరి చెప్తాడు,” అని కేర్‌టేకర్ చుట్టూ చూశాడు. “ఏడీ ఆయన?”

గమ్యం దగ్గర ఎవరూ లేరు.

కొత్తాయన మఫ్లరు కిందికి లాగి, గొంతు సవరించుకున్నాడు. “నేనే.”



“మరి ముందే చెప్పొచ్చుగా!” రైలీ గొంతు కీచుమంది.

“మీరు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. తీర్పరి కూడా పరుగెత్తడం ఇక్కడి పద్ధతేమో అనుకున్నాను.”

రైలీ గబగబా ఆలోచించింది. బండి లాగిన మనిషి, నీళ్ళు దాటించిన మనిషి, ఇప్పుడు తీర్పు చెప్పేదీ ఆయనే! ఇంతకన్నా అదృష్టం ఉంటుందా? ఎన్సియో మొహం అప్పుడే మాడిపోయింది.

“పోన్లెండి, మంచిదే అయింది. దగ్గరుండి చూశారు కదా. ఎవరండీ ముందు?” అంది తియ్యగా.

“మీరే,” అన్నాడాయన.

రైలీ గాల్లోకి ఎగిరింది. పిన్యా చప్పట్లు కొట్టింది. తావునో కూడా నవ్వాడు.

ఆయన వణుకుతూనే చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. “కానీ గెలిచింది ఎ బ్లాకు. మీ జట్టులో ఉన్నది ముగ్గురే కదండీ.”