ఐదో కుప్ప

కాఫీ గింజలు ఆరబెట్టే రోజుల్లో కళ్లం దగ్గర రాత్రి కాపలా ఫల్గుణదే. పొద్దు వాలగానే గింజల్ని నాలుగు కుప్పలుగా పోగేసి, మంచు తగలకుండా టార్పాలిన్లు కప్పి, అంచుల మీద రాళ్లు పెడతాడు. తర్వాత కళ్లం చివరనున్న బండ మీద, కుప్పలకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఫోనుకు సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే.

రోజూ రాత్రి పదకొండింటికి పాడేరు నుంచి చెల్లెలు సరళ వాట్సాప్ గ్రూపులో పాత దయ్యాల సినిమా ఫొటో ఒకటి పెడుతుంది. అందరికన్నా ముందు సినిమా పేరు చెప్పేది ఫల్గుణే. ఇవాళ్టిది మాత్రం అతనికి అంతుపట్టలేదు. నలుపు తెలుపు ఫొటో. కప్పి ఉంచిన కుప్పలు, వాటికి అవతల బండ మీద అటు తిరిగి కూర్చున్న మనిషి, అతని చేతిలో చిన్న వెలుగు.

సరళ వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, ఇయాల ఫొటో నాను ఎట్టనేదు. ఎవులిదో కొత్త నంబరు."

ఫల్గుణ ఫొటోను పెద్దది చేసి చూశాడు. ఆ మనిషి భుజాల మీద ఉన్నది తన గళ్ల దుప్పటే. కుప్పలు లెక్కపెట్టాడు. ఐదు.

వెనక టార్పాలిన్ గరగరమంది. గాలి లేదు.

అంతలో మల్లేశు తాత మెసేజ్. ఒకప్పుడు టూరింగ్ టాకీసులో ప్రొజెక్టర్ తిప్పిన మనిషి, ఆయన చూడని పాత సినిమా లేదు.

"ఇది నాను సూసిన బొమ్మేరా. పేరే గేపకం రాట్లేదు. ఆడు ఎనక్కి తిరిగేదాకా ఏటీ అవదు."

ఫల్గుణ తిరగలేదు. తెల్లారడానికి ఇంకా ఏడు గంటలుంది. మెడ అప్పుడే నొప్పెట్టడం మొదలైంది.