మాటలు తీసేసిన ఆల్బమ్

"అన్నయ్యా, ఒక్క పాటైనా ఉంచు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

మాథెస్ తల తిప్పలేదు. కంప్యూటర్లో చెల్లెలి గొంతును ఒక్కొక్క పాటలోంచీ చెరిపేస్తున్నాడు. గిటారు ఉంది, బేసు ఉంది, డ్రమ్ములు ఉన్నాయి. గొంతు మాత్రం పోతోంది.

"మన తొలి ఆల్బమ్ ఉత్త వాయిద్యాలతోనే వస్తుంది. ఇంక వాదించకు."

"లెన్నార్ట్ కోసం రాశాను. ఆ మాటలు పాడకపోతే నేను బతకలేను," అంది యోరిండె.

"పాడితే నేను బతకలేను! నాకు మిగిలింది నువ్వొక్కదానివే."

లెన్నార్ట్ వాళ్ళ డ్రమ్మరు. తన వంతు రికార్డు చేసిన నెలకే పోయాడు. మార్చిలో ముగ్గురూ కచేరీ ముగించుకుని తమ ఊరు బ్రేమర్‌హాఫెన్‌కు తిరిగొస్తుంటే వ్యాను చెట్టును గుద్దుకుంది. లెన్నార్ట్ నడుపుతూ కునికాడని పోలీసులు రాసుకున్నారు. ఊళ్ళో వాళ్ళూ అదే అన్నారు. అన్నాచెల్లెళ్ళు చిన్న గాయాలతో బయటపడ్డారు. అప్పట్నుంచి యోరిండెకు తిండి లేదు, నిద్ర లేదు.

మధ్యాహ్నం లెన్నార్ట్ తల్లి గెసా వచ్చింది, చేత్తో చేసిన బటర్ కేకు పట్టుకుని. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అప్పటికి మాథెస్ పూర్తిచేసిన పాటలన్నీ వింది. కొడుకు డ్రమ్ములు మోగినప్పుడల్లా ఆవిడ వేళ్ళు మోకాలి మీద కదిలాయి.

"వాడే! అచ్చం వాడే!" అని కళ్ళు తుడుచుకుంది. "మరి మాటలేవమ్మా? మా వాడి మీద రాశావన్నారే?"

యోరిండె అన్నయ్య వైపు చూసింది.

"వాడి మూలంగానే కదూ నీకు గొంతు రావట్లేదు! అలసిపోతే బండి ఆపరా అని ఎన్నిసార్లు చెప్పానో. మీ ఇద్దర్నీ చంపబోయాడు వెధవ." గెసా ఆ పిల్ల చేతులు పట్టుకుంది. "వాణ్ణి క్షమించు తల్లీ."

యోరిండె పెదవులు విడివడ్డాయి. మాథెస్ గబుక్కున మధ్యకు వచ్చాడు.

"డాక్టరు మాట్లాడొద్దన్నాడండీ. పదండి, బస్సు ఎక్కిస్తాను."

అతను తిరిగొచ్చేసరికి యోరిండె గోడవారన నేల మీద కూలబడి ఉంది. ఏడుపు కూడా రావడం లేదు.

ఇంకొక్క పాటలోనే ఆమె గొంతు మిగిలింది. చెరిపేసే ముందు మాథెస్ దాన్ని ఒక్కసారి విన్నాడు. అందులో చెల్లెలు పాడుతోంది:

"లెన్నార్ట్, బండి నడిపింది నేను."