తెరుచుకోని పిడికిళ్ళు

"పిడికిలి బిగించండి. మీ కోపమంతా అందులో ఉందనుకోండి. ఇప్పుడు మెల్లగా ఊపిరి వదులుతూ చెయ్యి తెరవండి."

ఆస్పత్రి మేడమీద హాల్లో శ్వాస పాఠం చెప్పే టీచరమ్మ గొంతు వెన్నలా ఉంది.

చాపల మీద కూర్చున్న వాళ్ళందరూ చేతులు తెరిచారు. ఇస్త్రీ దుకాణం నడిపే ఆమె మాత్రం తెరవలేదు.

"ఏమ్మా, తెరవలేదేం?"

"ఊపిరి వదిలితే పోవడానికి నాది జలుబనుకున్నారా టీచరమ్మా? కోపం!"

హాలంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. నిద్ర పట్టడం లేదని వెళ్తే డాక్టరు మాత్రలతో పాటు ఈ క్లాసు కూడా రాసిచ్చాడు. ఊరందరి బట్టలు ఇస్త్రీ చేసే మనిషికి మనసు ఇస్త్రీ చేయించుకోవడం తేలికే అనుకున్నాడు కాబోలు, మహానుభావుడు!

"ఈయనా తెరవలేదు. ఈయన్నేం అడగరే?" అంది పక్క చాప చూపిస్తూ.

పక్క చాప మీద ఒక పెద్దాయన. ఒళ్ళో రెండు పిడికిళ్ళూ బిగిసే ఉన్నాయి.

"నావి తెరుచుకోవమ్మా. ఇవి ఇంతే," అన్నాడాయన.

ఎందుకని ఆమె అడగలేదు. ఎవరి గోడు వాళ్ళకే ఎక్కువ.

కానీ మొండివాళ్ళకు మొండివాళ్ళే చుట్టాలు. ఆ తర్వాత ప్రతి వారం ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అందరూ చేతులు తెరిచి హాయిగా నిట్టూరుస్తుంటే, వీళ్ళిద్దరూ గుంజీళ్ళు తీయనని భీష్మించుకున్న పిల్లల్లా పిడికిళ్ళతో ఉండేవారు. ఆమెకు అది కాస్త బలాన్నిచ్చేది.

ఒకరోజు క్లాసయ్యాక, మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆయన అడిగాడు.

"ఎవరి మీదమ్మా అంత కోపం?"

అడిగిందే తడవు, ఆమె నోటికి అడ్డు లేకపోయింది.

"మా ఆయన మేడలకు రంగులు వేసేవాడు. తాడుకు కట్టిన పలక మీద కూర్చుని వేసేవాడు. పైన తాడు చూసుకోవాల్సిన వాడు వదిలేశాడు. వదిలేశాడండీ! మా ఆయన వాణ్ణి అన్నా అన్నా అంటూ నెత్తిన పెట్టుకునేవాడు. ఆ అన్నే చంపాడు. తర్వాత ఏ మొహం పెట్టుకుని వచ్చాడో మా ఇంటికి! అంతకుముందు వాణ్ణి చూసింది లేదు, ఆనాడూ మొహం చూడలేదు, తలుపు గడియ పెట్టేశాను."

పెద్దాయన చెప్పులో పెట్టబోయిన కాలు అలాగే ఆగిపోయింది.

"అలాంటివాణ్ణి క్షమించాలట, అందరూ అనేవాళ్ళే! ఎందుకు క్షమించాలి? వాడి చేతులు పడిపోను!"

ఆయన మెల్లగా కాలు చెప్పులో దూర్చాడు.

"తిట్టు తల్లీ," అన్నాడు చివరికి. "నీకు చాలనిపించేదాకా తిట్టు. ఎవరో చెప్పారని ఆపకు."

తన పక్షాన మాట్లాడిన మనిషి లోకంలో ఈయనొక్కడే అనిపించింది ఆమెకు. ఆ రోజు ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

తర్వాతి వారం పక్క చాప ఖాళీ.

"గుండెపోటట. మొన్ననే పోయారు," అంది టీచరమ్మ.

ఆమె క్లాసు మధ్యలోనే లేచి, చిరునామా అడిగి వెళ్ళింది.

రెండు గదుల ఇల్లు. ఆయన భార్య మంచం మీద చొక్కాలు మడతపెడుతోంది. ఈమె కూడా ఒకటి చేతిలోకి తీసుకుంది. గుండీలన్నీ పీకేసి, పిడికిలితో నొక్కినా పడేలా ప్రెస్ బటన్లు కుట్టి ఉన్నాయి.

"క్లాసులో నా పక్కనే కూర్చునేవారు పిన్నిగారూ. ఆ చేతులు అలా ఎందుకయ్యాయో ఏనాడూ అడగలేదు."

"ఆయనతో పాటు ఒక కుర్రాడు రంగులు వేసేవాడమ్మా. సొంత తమ్ముడిలా చూసుకునేవారు. ఒకరోజు పైన స్తంభానికి కట్టిన తాడు తెగింది..."

ఆమె చేతిలో చొక్కా జారింది.

"తెగిందా? వదిలేశాడని కదా అన్నారు!"

"అన్నది పని చేయించిన మేస్త్రీ! కుళ్ళిన తాడిచ్చిన వాడు ఇంకేమంటాడు? ఆ కుర్రాడి పెళ్ళాం ఈ మధ్య క్లాసులో కనిపించిందట. నిజం చెప్పెయ్యండని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. 'ఆ పిల్ల కోపం పట్టుకునే నిలబడి ఉంది, అది కాస్తా లాగేస్తే పడిపోతుంది, నా మీదే ఉండనీ' అన్నారు."

పెద్దావిడ కళ్ళు తుడుచుకోలేదు. తల ఎత్తింది.

"ఎవరేమన్నా పడ్డారు గానీ, వదిలేశారంటే మాత్రం నేనూరుకోను తల్లీ! జారిపోతున్న తాడును ఒట్టి చేతుల్తో ఒడిసి పట్టుకున్నారు, అరచేతులు ఎముక దాకా కోసుకుపోయినా పట్టు సడలించలేదు, పిట్టగోడ అంచున అది మళ్ళీ తెగిపోతే, మిగిలిన ముక్కను ఆ పిడికిళ్ళలోంచి డాక్టర్లే కోసి తీయాల్సొచ్చింది."